అత్తయ్య గ్రౌండు

మామయ్య కాలు విరిగిన వేసవిలోనే మా ఊరికి ఎనిమిది దేశాల ఫుట్‌బాల్ క్లబ్బులు వచ్చాయి. రెండిట్లో ఏది పెద్ద సంగతి అని అడిగితే ఊరు ఒక జవాబు చెబుతుంది, మా ఇల్లు ఇంకొకటి చెబుతుంది.

అప్పటికి నేను ఆ ఇంటి కోడలినై ఏడు నెలలు. స్టేడియం వెనక గేటుకి ఎదురుగా, సిబ్బందికి ఇచ్చే మూడు గదుల ఇల్లు మాది. మామయ్య ఆ గ్రౌండుకి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మేస్త్రి. గడ్డి కోయించడం, గీతలు గీయించడం, నీళ్ళు పెట్టించడం, ఆటకి పనికొస్తుందో లేదో తేల్చి చెప్పడం, అన్నీ ఆయన మాట మీదే నడిచేవి. అత్తయ్య అదే గ్రౌండులో కలుపు తీసే రోజు కూలి. చేరి ఇరవై ఆరేళ్ళయినా రోజు కూలే. మా ఆయన బస్సు డ్రైవరు. నేను ఓడల కంపెనీలో పరాయి దేశాల ఉత్తరాలు చదివి జవాబులు రాసే గుమాస్తాని. బంతిని చేత్తో పట్టుకోకూడదని తప్ప ఫుట్‌బాల్ గురించి నాకు ఇంకేమీ తెలియదు.

ఏ దేశానికి ఆ దేశంలో గెలిచిన క్లబ్బులు ఎనిమిది, ఒక్క కప్పు, ఓడినవాడు ఇంటికి. మొత్తం ఏడు మ్యాచ్‌లూ మా స్టేడియంలోనే. అంత పెద్ద పోటీ మా ఊరు ఎన్నడూ చూడలేదు. మామయ్యకి అది ఉద్యోగంలో ఆఖరి సంవత్సరం కూడా. కబురు తెలిసినప్పటి నుంచి ఆయన కాళ్ళు నేల మీద ఆనలేదు. సరిగ్గా నెలన్నర ఉందనగా కొత్త కాలువ గోతిలో జారిపడి, నిజంగానే ఆనకుండా చేసుకున్నారు. తొడ దాకా పిండికట్టు. రెండు నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

"మేస్త్రి గారు చెప్తారు, నువ్వు చేయించమ్మా. చాలు," అన్నారు స్టేడియం సెక్రటరీ గారు అత్తయ్యతో. ఆయన మంచివాడే. కాకపోతే నీడను చూసినా కాగితం మీద రాసి ఇమ్మనే రకం.

రోజూ సాయంత్రం మామయ్య మంచం మీద నుంచి హుకుంలు జారీ చేసేవారు. రేపు ఉత్తరం వైపు కోయించు, మర్నాడు ఎరువు వేయించు. అత్తయ్య కూరలు తరుగుతూ "అలాగేనండీ" అనేది. తెల్లారి గ్రౌండులోకి వెళ్ళి తనకి తోచింది చేసేది. మొదటి వారంలోనే నాకది అర్థమైంది. నేను నోరు మెదపలేదు. కొత్త కోడలికి చెవులు రెండుండాలి, నోరు సగం ఉండాలి అని మా అమ్మ చెప్పి పంపింది.

ఆ సగం నోటికే పని పడింది. పోటీలు నడిపే సంఘం గ్రౌండు చూడ్డానికి ఒకాయన్ని పంపింది. ఆయన భాష ఇక్కడ ఎవరికీ రాదు. "మీ కోడలికి వచ్చట కదా?" అని సెక్రటరీ గారు మా ఆఫీసుకి ఉత్తరం రాసి, పొద్దుటి పూట నన్ను అడిగి తీసుకున్నారు.

సంఘం పంపినాయన ఆరడుగుల మనిషి, తెల్లటి అంచున్న టోపీ. అత్తయ్య ఆయనకి మొదటి రోజే "టోపీ ఆయన" అని పేరు పెట్టేసింది. గ్రౌండంతా నడిచి, తూర్పు వైపు గోలు ముందర ఆగి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అక్కడ రెండు మంచాలంత మేర గడ్డి పసుపు తిరిగి ఉంది. ఆ పక్కన ఇంకో చోట, ఇంకో చోట.

"తెగులు," అన్నాడాయన. నేను చెప్పాను. "ఈ ముప్ఫై గజాలూ పీకేసి, బయట పెంచిన గడ్డిని చాపల్లా చుట్టి తెప్పించి పరిపిస్తాను. ఎల్లుండి లారీలు బయల్దేరాలి. ఇంకా ఇరవై నాలుగు రోజులే ఉంది."

అత్తయ్య కొంగు బిగించి, నడుముకి ఎప్పుడూ వేలాడే చిన్న చాకు తీసింది. పసుపు తిరిగిన చోట నేలలో గుచ్చి, గుండ్రంగా తిప్పి, గుప్పెడు మట్టి వేళ్ళతో సహా పైకి లాగింది. దాన్ని రెండుగా విరిచి నేరుగా ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి వాలాడు.

"తెగులూ కాదు, తెల్లారడమూ కాదు. పులిసిన కంపు కొడుతోంది, వాసన చూడమను," అంది నాతో. "ఇదిగో జనం కూర్చునే చోట ఈ కొత్త పైకప్పు వేశారా, పొద్దుటెండ ఈ మూలకి పది దాటాక గానీ రావట్లేదు. నీళ్ళు చల్లే కొత్త మిషనేమో గడియారం చూసుకుని రోజూ చల్లుతూనే ఉంది. ఎండ తగ్గించి నీళ్ళు పెంచారు. ఆకలి లేనివాడికి కుక్కి కుక్కి పెడితే ఏమవుతాడు? వేళ్ళు కిందికి దిగకుండా పైనే తేలుతున్నాయి. దీన్ని పీకి చాప పరిస్తే ఆ చాప వేళ్ళు మాత్రం ఏ చోటికి దిగుతాయి? బూటు వేసి తన్నగానే తివాచీలా లేస్తుంది. గోలు దగ్గర నిలబడేవాడి కాలు విరుగుతుంది. మా ఇంట్లో ఒక కాలు చాలు, ఇంకోటి వద్దని చెప్పు."

నేను గొంతు సవరించుకుని, నీళ్ళు కాస్త ఎక్కువయ్యాయేమోనని ఆవిడ అభిప్రాయపడుతున్నారని చెప్పాను.

అత్తయ్య నా వైపు తిరిగింది. "నేను బారెడు చెప్పాను. నువ్వు బెత్తెడు చెప్పావేం?"

నా మొహం మాడిపోయింది. "పెద్దాయన కదా అత్తయ్యా, నొచ్చుకుంటారేమోనని..."

"నొచ్చుకోనీ అమ్మాయ్. ఆయన మళ్ళీ విమానం ఎక్కి పోతాడు. ఇక్కడుండేది మనం, ఈ గడ్డి. నేనన్నది అన్నట్టు చెప్పు. కాలు సంగతితో సహా."

చెప్పాను. తివాచీ, కాలు, ఆకలి లేనివాడు, అన్నీ. ఆఫీసులో నేను రాసే ఉత్తరాల్లో ఇలాంటి మాటలు ఎప్పుడూ రావు కాబట్టి కొన్నిటికి తడుముకున్నాను. టోపీ ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. ఆ మట్టి తీసుకుని ఈసారి తనే వాసన చూశాడు.

"ఈవిడ ఏం చేస్తానంటోంది?"

"మిషను కట్టేస్తాను. నాలుగు రోజులు చుక్క నీళ్ళివ్వను. నేలంతా ఇనుప ముళ్ళతో జానెడు లోతు పొడిపించి, ఆ బొక్కల్లో ఇసుక నింపిస్తాను. పది రోజులివ్వమను."

"నీళ్ళు ఆపితే ఇంకా ఎండిపోతుంది కదా?"

"ఎండుతుంది. మొదటి వారం చూసినవాళ్ళకి ఏడుపొస్తుంది. దాహమేస్తే వేరు కిందికి వెతుక్కుంటుంది. అప్పుడు పచ్చబడుతుంది."

ఆయన మట్టిని చేతిలో నలుపుతూ అన్నాడు. "పది రోజుల తర్వాత చాప పరిచినా అతుక్కోవడానికి వ్యవధి ఉండదు. అంటే ఈవిడ మాట తప్పయితే మ్యాచ్‌లు వేరే ఊరికి పోతాయి. ఎవరి పూచీ మీద ఒప్పుకోవాలి నేను? ఈ గ్రౌండు బాధ్యత ఎవరిది?"

ఆ ప్రశ్న నేను అత్తయ్యకి చెప్పలేదు. ఆవిడని అడిగితే ఏమంటుందో నాకు తెలుసు, మామయ్యది అంటుంది.

"ఈవిడదే," అన్నాను.

ఏమడిగాడు, ఏం చెప్పావు అని అత్తయ్య అడిగింది. రాతపూర్వకంగా కావాలంటున్నాడని చెప్పాను. అది కూడా నిజమే.

సాయంత్రం సెక్రటరీ గారు రెండు కాగితాలు పట్టుకుని ఇంటికొచ్చారు. ఒకటి, చాపగడ్డికి ఒప్పుకుంటున్నట్టు. రెండోది, గ్రౌండు వాళ్ళే పూచీ పడుతున్నట్టు. మామయ్య దిండుకి ఆనుకుని కూర్చుని రెండూ చదివారు.

"ఇందులో ఆలోచించేదేముందండీ? వాళ్ళు తెస్తామన్నది తెచ్చుకోనివ్వండి," అన్నారు. "చెడితే వాళ్ళ మీద పోతుంది. ఏమే, ముప్ఫై ఒక్క ఏళ్ళు మాట పడకుండా నెట్టుకొచ్చాను. ఆఖరి ఏడు మ్యాచ్‌లు నా చేతుల మీదుగా ఊరు దాటిపోయాయి అనిపించుకోమంటావా?"

"మీరు అనిపించుకోకూడదనే చెప్తున్నా," అంది అత్తయ్య. గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. అలాగేనండీ అనలేదు. ఏడు నెలల్లో ఆ మాట అనకపోవడం అదే మొదటిసారి.

మామయ్య కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశారు. "వేరు ఎంత దిగింది?" అని అడిగారు.

అత్తయ్య చూపుడు వేలు చాపి, మొదటి కణుపు దగ్గర బొటనవేలు ఆన్చింది. "ఇంతే."

"మిగతా చోట్ల?"

"రెండున్నర కణుపులు. పడమటి గోలు దగ్గర వేలంతా."

"పడమటి వైపు మిషను నీళ్ళు పడవూ?"

"పడేవి. మీరు పడ్డ మర్నాడే నేను ఆ వైపు గొట్టం కట్టేయించాను. తూర్పుది ఆపాలంటే మిషను మొత్తం కట్టేయాలి. మీకు చెప్పలేదు."

సెక్రటరీ గారు గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు. మామయ్యకి కోపమొస్తుందని నేను వంటింట్లోకి ఒక అడుగు వేశాను కూడా. ఆయన రెండో కాగితం పైకి తీసి, కలం మూత తీసి, సంతకం చేసే చోట మొన ఆన్చి ఆగిపోయారు.

"నేను ఆ నేల మొహం చూసి మూడు వారాలైంది. చూడనిదానికి సంతకం ఎలా పెడతాను?" అని, కలం అత్తయ్యకి అందించారు. "నువ్వు పెట్టు."

సెక్రటరీ గారు ఇబ్బందిగా కదిలారు. "మేస్త్రి గారూ, ఆవిడ పేరు మా పుస్తకంలో రోజు కూలీల కింద ఉందండీ. ఆ సంతకం చెల్లుతుందో లేదో..."

"అయితే మీ పుస్తకం తప్పండీ," అన్నారు మామయ్య. గొంతేమీ పెంచలేదు. మంచినీళ్ళు తెమ్మన్నట్టు అన్నారు.

అత్తయ్య కొంగుతో చెయ్యి తుడుచుకుని సంతకం చేసింది. గుండ్రటి అక్షరాలు, తొందరేమీ లేదు. చేశాక వంటింట్లోకి వచ్చి, నా చేతిలోంచి గిన్నె తీసుకుని, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆ గిన్నెలో ఏమీ లేదన్న సంగతి ఆవిడ గమనించలేదు. నేనూ చెప్పలేదు.

టోపీ ఆయన ఆ కాగితం మీద పది రోజులకి ఒప్పుకున్నాడు. ఎనిమిది మంది ఆడకూలీలు, ఇద్దరు మగవాళ్ళు, అత్తయ్య, వరసగా నిలబడి, నాలుగేసి ముళ్ళున్న ఇనుప పారల్ని కాలితో తొక్కి నేలలోకి దించి, వెనక్కి వంచి లాగేవాళ్ళు. ఒక అడుగు జరిగి మళ్ళీ. వెనకాల ఇద్దరు ఇసుక పోసి చీపుళ్ళతో ఊడ్చి బొక్కలు నింపేవాళ్ళు. నేను కూడా ఆఫీసుకి వెళ్ళే ముందు రెండు గంటలు తొక్కేదాన్ని. అరికాలు బొబ్బలెక్కి, చెప్పులో దూది పెట్టుకుని కుంటుతూ వెళ్తే, "మీ ఇంట్లో అందరికీ కాళ్ళేనా?" అని మా పెద్ద గుమాస్తా అడిగాడు.

నాలుగో రోజుకి తూర్పు మూల గడ్డి నిజంగానే గోధుమరంగుకి తిరిగింది. పేపరువాడు పై అంతస్తులోంచి ఫోటో తీసి వేశాడు. కింద రెండు వాక్యాలు: ఎనిమిది దేశాల ఛాంపియన్లు ఆడేది దీని మీదేనా? గడ్డి పెంచమంటే ఎడారి పెంచారు. మా ఆయన బస్సులో ఎక్కినవాళ్ళంతా అదే మాట. ఒకాయన, ఆ కూలావిడ ఎవరో గానీ ఊరి పరువు తీసిందని అన్నాడట. మా ఆయన బస్సు పక్కకి ఆపి, "ఆ కూలావిడ మా అమ్మ. ఆగుతారా, దిగుతారా?" అని అడిగాడట. ఆయన దిగలేదు, కానీ చివరి స్టాపు దాకా మళ్ళీ నోరు తెరవలేదట.

అత్తయ్య పేపరు చదివి, మడిచి, మామయ్య కట్టు కింద ఎత్తుకి పెట్టింది. "కాలికి ఎత్తు సరిపోయిందా?" అంది. ఆయన "ఇంకో నాలుగు రోజుల పేపర్లు రానీ, సరిపోతుంది," అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. "ఈవిడదే" అని ఆ రోజు చెప్పింది నేను.

ఎనిమిదో రోజు పొద్దున్న పార తొక్కడానికి వెళ్తే, తూర్పు మూల గోధుమరంగు మధ్యలో చీపురు పుల్లంత సన్నగా ఆకుపచ్చ కనిపించింది. నేను అరిచేశాను. అత్తయ్య వచ్చి వంగి చూసి, "ఊఁ, మొన్ననే చూశా. అందరికీ చెప్తే దిష్టి," అని నీళ్ళ గొట్టం సగం తిప్పమని కేకేసింది.

పదో రోజు టోపీ ఆయన వచ్చాడు. ఈసారి చాకు ఆయనే అడిగి తీసుకున్నాడు. తూర్పు మూల గుచ్చి, తిప్పి, లాగాడు. మట్టి దులిపి వేళ్ళు చూపుడు వేలి పక్కన పెట్టుకుని కొలిచాడు. తెల్లటి వేళ్ళు రెండు కణుపులు దాటి, ఇసుక బొక్కల వెంట ఇంకా కిందికి దిగి ఉన్నాయి. మట్టి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకచోట అయితే పొరపాటవుతుందని ఆరు చోట్ల తీశాడు. ఆరో చోట లేచి నిలబడి, టోపీ తీసి, అత్తయ్యతో ఏదో అన్నాడు.

"ఏమంటాడు?" అంది అత్తయ్య.

"తను ఇరవై దేశాల్లో గ్రౌండ్లు చూశాడట. తెగులని తొందరపడ్డాడట. క్షమించమంటున్నాడు."

"బారెడు చెప్పాడా, నువ్వే పెంచావా?"

"ఆయనన్నది అన్నట్టే చెప్పాను అత్తయ్యా. ఒట్టు."

"సరే, ఆ చాకు ఇచ్చేయమను."

పోటీలు మొదలయ్యాయి. మన దేశం తరఫున ఆడిన మా ఊరి క్లబ్బు మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ తిని ఇంటికొచ్చింది. వాళ్ళకి ఇల్లు పక్క వీధే కాబట్టి తొందరగానే వచ్చేశారు. ఊరంతా డీలా పడింది, మా ఇంట్లో తప్ప. మా ఆయన్ని బయటి జట్లని హోటలు నుంచి తెచ్చే బస్సుకి వేశారు. రోజూ ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. ఫలానా జట్టు కెప్టెన్ గ్రౌండులో అడుగుపెట్టగానే బూట్లు విప్పి వట్టి కాళ్ళతో నడిచాడు. ఫలానా గోల్‌కీపరు తూర్పు గోలు ముందు ఆరుసార్లు దూకి చూసుకుని, మట్టి అంటలేదని మోచేతులు చూపించాడు. మామయ్య అవన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవారు. "తూర్పు గోలే కదా? సరిగ్గా చూశావా?" అని.

ఫైనల్ రోజున మామయ్యని చక్రాల కుర్చీలో స్టేడియానికి తీసుకెళ్ళాం. ఆట సాయంత్రం ఐదింటికి. వానలకి ఇంకా నెల ఉంది. అయినా పన్నెండు గంటలకి ఆకాశం నల్లబడి, ఒంటిగంటకి కుండలతో గుమ్మరించినట్టు మొదలైంది. గంటన్నర కురిసింది. గ్రౌండు చెరువైంది. పైకప్పు కింద నిలబడి టోపీ ఆయన ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నాకు వినిపించింది. "వాయిదా వెయ్యాల్సి వస్తుందేమో. రేపు కుదరదు, రెండు జట్లకీ విమానాలున్నాయి." మాట్లాడుతూనే అత్తయ్య కోసం చూసి, నన్ను పిలిచాడు. "అడుగు. ఎంతసేపు పడుతుంది?"

అత్తయ్య గీత దగ్గర చీలమండ లోతు నీళ్ళలో నిలబడి ఉంది. జవాబు చెప్పే ముందు మామయ్య కుర్చీ వైపు చూసింది. ఆయన కూడా ఆవిడనే చూస్తున్నారు. ఆయన వేలు ఎత్తలేదు, తల ఊపలేదు. నీ ఇష్టం అన్నట్టు చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"వాన ఆగాక నలభై నిమిషాలు," అంది అత్తయ్య. "ఎవర్నీ లోపల అడుగు పెట్టనివ్వద్దు. ఊడవక్కర్లేదు, తోడక్కర్లేదు. తొక్కితే బొక్కలు మూసుకుపోతాయి."

రెండున్నరకి వాన ఆగింది. ఆ తర్వాత జరిగింది చూడ్డానికి ఏమీ లేదు. ముప్ఫై వేల మంది తడిసిన బెంచీల మీద కూర్చుని నీళ్ళు చూస్తున్నారు. పావుగంటకి నీళ్ళ మీద గడ్డి కొసలు తేలాయి. అరగంటకి తెల్ల గీతలు కనిపించాయి. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఇంకెవరో అందుకున్నారు. మూడూ పదికి తూర్పు మూల చివరి మడుగు నేలలోకి దిగిపోతుంటే స్టేడియమంతా లేచి నిలబడింది. ఇంకా ఒక్క ఆటగాడు కూడా లోపలికి రాలేదు. ఎవరి కోసం చప్పట్లు కొడుతున్నారో సగం మందికి తెలియదు. బస్సులో నోరు మూసుకున్నాయన వాళ్ళలో ఉంటే బావుండునని అనుకున్నాను.

అత్తయ్య గ్రౌండు మధ్యకి నడిచి, మడమతో రెండుసార్లు నొక్కి చూసి, చెయ్యి పైకెత్తింది. టోపీ ఆయన ఫోన్లో ఒక్క మాటే అన్నాడు. "ఐదింటికే."

ఆట బ్రహ్మాండంగా సాగిందన్నారు. ఇద్దరూ బయటి దేశాలవాళ్ళే. ఒక గోలు తేడాతో గెలిచినవాళ్ళు కప్పు ఎత్తుకుని ఊరేగారు. నాకు గుర్తున్నది వేరు. తొంభై నిమిషాల్లో ఒక్క గడ్డి ముక్క పైకి లేవలేదు. ఎవడైనా జారి కూలబడితే చాలు, మామయ్య కుర్చీలోంచి సగం లేచి, "వాడి బూటుది తప్పు!" అని అరుస్తున్నారు.

మామయ్య రిటైరయ్యేలోపు సెక్రటరీ గారు పుస్తకం దిద్దించారు. ఆయన కాగితం మనిషి కదా, టోపీ ఆయన దేశం వెళ్ళి రాసిన రెండు పేజీల ఉత్తరం ఆయనకి కలిసొచ్చింది. దాన్ని మన భాషలోకి దింపింది నేనే, ఒక్క మాట పెంచకుండా. అత్తయ్య గ్రౌండు మేస్త్రిగా చేరింది. ఆ స్టేడియంలో ఆడమనిషి ఆ పని చేయడం అదే మొదలు.

ఆవిడ చేరిన వారం రోజులకి నాకు సెలవు. మధ్యాహ్నం మామయ్య చేతికర్ర పట్టుకుని, భోజనం డబ్బా తీసుకుని బయల్దేరారు. నేనిస్తానన్నా వినలేదు. సరే అని వెనకాలే నడిచాను. గేటు దగ్గర కొత్త కాపలావాడు. లోపల స్కూలు పిల్లల పోటీలేవో ఉండి, బయట తల్లిదండ్రులు వరసలో నిలబడి ఉన్నారు.

"ఎవరి కోసమండీ?" అన్నాడు కాపలావాడు.

"గ్రౌండు మేస్త్రికి భోజనం," అన్నారు మామయ్య.

"వెళ్ళండి," అని వాడు గేటు తీశాడు. అక్కడితో పని అయిపోయింది. అయినా మామయ్య కదల్లేదు. చేతికర్ర నేల మీద ఒకసారి ఆనించి, వరస చివరి మనిషికి కూడా వినిపించేలా, ఎవరూ అడక్కపోయినా చెప్పారు.

"మేస్త్రి నా భార్య."